వేళ చూడని వంటిల్లు: డొక్కా సీతమ్మ

గోదావరి సీమలో అన్నదానం అనగానే తలపుకు వచ్చే పేరు డొక్కా సీతమ్మ. 1841లో మండపేటలో జన్మించారు. అడిగినవారందరికీ అన్నం పెట్టే తండ్రి భవానీశంకరాన్ని ఊరివారు బువ్వన్న అని పిలిచేవారు. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్నతో వివాహమయ్యాక, పుట్టింటి ఆ గుణమే ఆమె వెంట అత్తింటికి వచ్చింది.

గోదావరి పాయల నడుమనున్న ఆ ఊరు పడవ దిగిన బాటసారులకు మజిలీ. అర్ధరాత్రి తలుపు తట్టినా సీతమ్మ విసుగు లేక పొయ్యి రాజేసి, అప్పటికప్పుడు వండి వడ్డించేవారు. కులమతాల ఊసెత్తేవారు కారు. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరిన ఆమె, ఆకలిగొన్న పెళ్లిబృందం ఒకటి తమ ఇంటికే వస్తున్నదని దారిలో విని వెనుదిరిగారట. వారికన్నా ముందే ఇల్లు చేరి వంట సిద్ధం చేశారని నేటికీ చెప్పుకుంటారు.

ఆమె ఖ్యాతి చక్రవర్తి ఏడో ఎడ్వర్డ్ వరకు చేరిందని, పట్టాభిషేక వార్షికోత్సవానికి ఆహ్వానం అందినా ఆమె వెళ్లలేదని, చిత్రపటం మాత్రమే వెళ్లిందని ప్రతీతి.

సీతమ్మ 1909లో కన్నుమూశారు. గన్నవరం అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమూ ఆమె పేరుతోనే సాగుతోంది.