ఒంటరి వేటగాడు జిమ్ కార్బెట్

ఒంటరిగా అడవిలోకి వెళ్లి మనుషుల్ని తినే పులుల్ని వేటాడిన జిమ్ కార్బెట్ గురించి తెలుసుకుందాం.

ఆయన 1875 జూలై 25న నైనిటాల్‌లో జన్మించారు. తండ్రి అక్కడ పోస్ట్‌మాస్టర్. చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. పెద్ద కుటుంబం, తక్కువ ఆదాయం. కార్బెట్ చదువు ఎక్కువ కాలం సాగలేదు. బీహార్‌లో రైల్వే పనిలో చేరి, మొకామా ఘాట్‌లో సుమారు ఇరవై ఏళ్లు సరుకుల రవాణా పని చూశారు.

అడవే ఆయనకు బడి. కొండముచ్చు, దుప్పి భయంతో అరిస్తే పులి ఎటు కదులుతోందో చెప్పగలిగేవారు. అడుగుజాడను బట్టి అది ముసలిదో, కుంటుతోందో గ్రహించేవారు.

వేటకు ఆయన రెండు షరతులు పెట్టేవారు. ప్రభుత్వం ప్రకటించిన బహుమతిని రద్దు చేయాలి, మిగతా వేటగాళ్లు అడవి నుంచి వెళ్లిపోవాలి. డబ్బు కోసం వేటాడేవాడిగా పేరు రావడం, పొరపాటున మరొకరి తూటాకు బలికావడం ఆయనకు ఇష్టం లేదు.

గాలిని కూడా ఆయన వాడుకున్నారు. మనిషికి వాసన పసిగట్టే శక్తి తక్కువని పులికి తెలియదు. జింకను వేటాడినట్టే గాలికి ఎదురుగా వస్తుంది. అంటే గాలి ముఖానికి తగులుతుంటే పులి వెనుక నుంచి రావచ్చు. అందుకే గాలి ఒకసారి ఎడమ చెంపకు, ఒకసారి కుడి చెంపకు తగిలేలా వంకరటింకరగా నడిచేవారు.

రుద్రప్రయాగ చిరుత 1918 నుంచి 1926 వరకు 125 మందిని చంపింది. కేదార్‌నాథ్, బదరీనాథ్ యాత్రికులు దాని పేరు చెబితే వణికిపోయేవారు. కార్బెట్ మేకను కట్టి, మామిడిచెట్టుపై పది రాత్రులు కాపలా కాశారు. చిరుత రాలేదు. పదకొండో రాత్రి మేక మెడలోని గంట మోగింది. టార్చి వేసి ఒకే ఒక్క గుండు పేల్చారు. తెల్లవారాక చూస్తే అది ఒక ముసలి చిరుత. తనకూ భయం వేసేదని ఆయన దాచుకోలేదు.

గాయపడిన, పళ్లు విరిగిన జంతువులే ఎక్కువగా మనుషుల్ని తింటాయని ఆయన గమనించారు. 1907లో ఆయన చంపిన చంపావత్ ఆడపులి కోరలు పాత తుపాకి దెబ్బకు విరిగి ఉన్నాయి. తర్వాత కెమెరా పట్టి, పులుల రక్షణకు పాటుపడ్డారు. 1936లో ఏర్పడిన జాతీయ పార్కుకు ఆయన మరణం తర్వాత ఆయన పేరే పెట్టారు. 1955 ఏప్రిల్ 19న కెన్యాలో కన్నుమూశారు.

నేడు పులుల వేట నేరం. కానీ పదకొండో రాత్రి కూడా చెట్టెక్కిన ఆ ఓపిక, ఇల్లు వదిలి హాస్టల్‌లో చదువుకునే మనకు ఎంతో అవసరం.