ఎమీ జాన్సన్: ఎగరడం సరే, దిగడం ఎలా?

ఎమీ జాన్సన్ గురించి రాసేవాళ్లంతా ఆమె ఎంత దూరం ఎగిరిందో చెప్తారు. నాకైతే ఆమె దిగిన తీరే ఎక్కువ ఆసక్తిగా అనిపించింది.

1903లో ఇంగ్లండ్‌లోని హల్ ఊళ్లో పుట్టింది. నాన్నది చేపల వ్యాపారం. షెఫీల్డ్‌లో ఎకనామిక్స్ డిగ్రీ చేసి, లండన్‌లో లాయర్ల ఆఫీసులో చేరింది. జీతం డబ్బులతో విమానం నేర్చుకుంది. ఒంటరిగా ఎగరనివ్వడానికి అందరికన్నా ఎక్కువ గంటలే పట్టాయి, ల్యాండింగ్ ఒక పట్టాన కుదిరేది కాదట. కానీ హ్యాంగర్‌లో మెకానిక్‌ల పక్కన చేరి ఇంజన్ విప్పడం, బిగించడం మాత్రం బాగా పట్టేసింది. 1929లో గ్రౌండ్ ఇంజనీర్ లైసెన్స్ తెచ్చుకుంది. బ్రిటన్‌లో ఆ లైసెన్స్ వచ్చిన మొదటి మహిళ ఆమే. మన బ్యాచ్‌లో అమ్మాయిలు ఈ లైన్ స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు!

1930 మే 5న క్రాయ్‌డన్ నుంచి ఆస్ట్రేలియాకి ఒక్కతే బయల్దేరింది. విమానం సెకండ్‌హ్యాండ్ జిప్సీ మాత్, పేరు జేసన్. ఖాళీగా ఉంటే బరువు సుమారు 400 కిలోలు. రేడియో లేదు, చక్రాలకి బ్రేకులు లేవు. తోక కింద చక్రం బదులు ఒక కర్రలాంటి స్కిడ్. ఇలాంటి విమానంలో బరువంతా ముందు చక్రాలకి వెనక ఉంటుంది. దిగేటప్పుడు పక్కగాలి ఒక్కసారి కొట్టి ముక్కు కాస్త తిరిగిందా, వెనకున్న బరువు దాన్ని ఇంకా తిప్పేస్తుంది. వేగం తగ్గేకొద్దీ రడ్డర్‌కి గాలి అందదు, అంటే సరిగ్గా అవసరమైనప్పుడే అది పనిచేయదు.

నాలుగో రోజు అలెప్పో నుంచి బాగ్దాద్ వెళ్తుంటే ఇసుక తుఫాను. విమానం ఉన్నట్టుండి కిందికి పడిపోతోంది, ముందు ఏమీ కనబడటం లేదు. ఎలాగో ఎడారిలో దించేసింది. దిగాక కూడా గాలి వదల్లేదు, విమానాన్ని వెనక్కి నెట్టేస్తోంది. గబుక్కున దూకి, తన సామాను తెచ్చి చక్రాల వెనక అడ్డం పెట్టింది. ఇంజన్‌కి గుడ్డ కప్పింది. తోక మీద బరువుగా కూర్చుని, చేతిలో రివాల్వర్‌తో గాలి తగ్గేదాకా కాచుకుంది.

కరాచీకి చేరేసరికి బెర్ట్ హింక్లర్ రికార్డు కన్నా రెండు రోజులు ముందుంది. తర్వాత పెట్రోలు చాలక ఝాన్సీలో పరేడ్ గ్రౌండ్‌లో దిగాల్సొచ్చింది. అసలు దెబ్బ బర్మాలో తగిలింది. జోరు వానలో రంగూన్ రేస్‌కోర్స్ అనుకుని ఇన్సేన్‌లో ఓ ఆటస్థలంలో దిగింది. బ్రేకుల్లేని జేసన్ పోయిపోయి గోతిలో పడింది. రెక్క, ప్రొపెల్లర్, చక్రాల చట్రం దెబ్బతిన్నాయి. అదృష్టం చూడండి, ఆ గ్రౌండ్ అక్కడి టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌ది! వర్క్‌షాప్ వాళ్లు, స్టూడెంట్లు రంగంలోకి దిగారు. రెక్కకి గుడ్డ దొరక్కపోతే, యుద్ధంలో మిగిలిన విమానం గుడ్డతో కుట్టిన చొక్కాల కుట్లు విప్పి మళ్లీ రెక్కకి వేశారు. ప్రొపెల్లర్ స్పేర్‌ది ఎమీ వెంటే తెచ్చుకుంది. మన వర్క్‌షాప్ ల్యాబ్‌లో అలాంటి జాబ్ ఇస్తే ఎవరైనా బంక్ కొడతారా?

రికార్డు మాత్రం పోయింది. మే 24న డార్విన్‌లో దిగింది, ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకి ఒంటరిగా ఎగిరిన మొదటి మహిళగా. ఐదు రోజులకే బ్రిస్బేన్‌లో, అంత జనం ముందు, దిగాల్సిన చోటు దాటిపోయి జేసన్‌ని తలకిందులు చేసింది. దెబ్బలేం తగల్లేదు. అప్పటికి ఆమె ఎంత అలిసిపోయిందో తెలిస్తే నవ్వు రాదు.

తర్వాత పెళ్లి, ఇంకొన్ని రికార్డులు, విడాకులు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చే ఉద్యోగంలో చేరింది. 1941 జనవరి 5న బ్లాక్‌పూల్ నుంచి ఆక్స్‌ఫర్డ్ దగ్గరికి బయల్దేరిన ఆమె, దారికి ఎంతో దూరంలో థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట పారాచూట్‌తో దూకింది. అటుగా పోతున్న హేజిల్‌మియర్ ఓడ కెప్టెన్ వాల్టర్ ఫ్లెచర్, గడ్డకట్టే నీళ్లలోకి దూకి కాపాడబోయి తనూ ప్రాణం పోగొట్టుకున్నాడు. ఎమీకి అప్పటికి 37 ఏళ్లు. ఆమె శరీరం దొరకలేదు.