డబ్లిన్ నుంచి మదనపల్లె దాకా: జేమ్స్ కజిన్స్ జీవితం

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు నడిచి పోయేవాళ్లం మనలో ఎందరో ఉన్నాం. దారిలో ‘గోల్డెన్ త్రెషోల్డ్’ వస్తుంది. 1905లో అచ్చయిన సరోజినీ నాయుడు కవితా సంపుటి పేరే ఆ ఇంటికి నిలిచింది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదట నడిచింది ఆ ఇంట్లోనే. సరోజిని తమ్ముడు హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ కవి, నటుడు, పాటగాడు. 1952లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచిన మనిషి కూడాను. ఇరవయ్యేళ్ల వయసులో, 1918లో, ఆయన తొలి కవితల పుస్తకం అడయారులో అచ్చయింది. ఆ హైదరాబాదు కుర్రవాడికి ముందుమాట రాసిన పెద్దమనిషి ఐర్లండు దేశస్థుడు. ఆయనే జేమ్స్ కజిన్స్.

కజిన్స్ 1873 జూలై 22న బెల్‌ఫాస్టులో ఓ సామాన్య కుటుంబంలో పుట్టారు. బడి చదువు త్వరగానే ఆగిపోయింది. గుమాస్తాగిరీ చేస్తూనే కవిత్వం రాశారు. 1897లో డబ్లిన్ చేరారు.

అప్పటి ఐర్లండు పరిస్థితి మనకు బాగా అర్థమవుతుంది. పాలన ఇంగ్లీషువారిది, బడిలో భాష ఇంగ్లీషు, రంగస్థలం మీద లండను నుంచి వచ్చిన నాటకాలు. సొంత భాష, పాత పాటలు, వీరగాథలు పల్లెల్లో ముసలివాళ్ల నోళ్లలో మిగిలాయి. పొయ్యి దగ్గర కూర్చుని రాత్రంతా కథ చెప్పే కథకులు, మన జంగం కథకుల లాంటివాళ్లు, వాళ్లకీ ఉండేవారు. చదువుకున్న వాళ్లకు అవన్నీ మోటుగా కనిపించేవి. ఆ చిన్నచూపు పోగొట్టాలని కొందరు పూనుకున్నారు. 1893లో గేలిక్ భాషా సంఘం పుట్టింది. 1897లో డబ్లిన్‌లో సంగీతోత్సవం మొదలైంది. ఇక మిగిలింది నాటకం.

అక్కడే కజిన్స్ చేసిన ఓ చిన్న పని పెద్ద ఫలితం ఇచ్చింది. విలియం ఫే, ఫ్రాంక్ ఫే అనే అన్నదమ్ములు పగలు ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు నాటకాలు ఆడేవారు. జార్జి రస్సెల్ అనే కవి, డెర్డ్రా అనే పురాణనాయిక కథను నాటకంగా రాస్తున్నాడు. వీళ్లను ఆయనతో కలిపింది కజిన్సే. 1902 ఏప్రిల్‌లో ఓ చిన్న హాలులో ఆ నాటకమూ, యేట్స్ నాటకమూ ఒకే రాత్రి ఆడాయి. కజిన్స్ కూడా వేషం కట్టారు. ఆ ఏడాది చివర్లోనే ఆయన సొంత నాటకాలు రెండు ప్రదర్శించారు. ఒకటి కొన్లా రాజకుమారుడిని అప్సరస పిలుచుకుపోయిన పాత కథ, రెండోది చేపలు పట్టే వాళ్ల జీవితం. రాజుల గాథ, బెస్తవాడి బతుకు రెండూ ఒకే వేదిక ఎక్కాయన్న మాట. ఆ బృందమే పెరిగి 1904 డిసెంబరులో ఆబీ థియేటరుగా ప్రపంచ ప్రసిద్ధి పొందింది.

కాని అప్పటికి కజిన్స్‌కు అందులో చోటు లేదు. ఆయన హాస్యనాటకం ఒకటి యేట్స్‌కు నచ్చలేదు. పునాదిరాళ్లు మోసినవాడు గృహప్రవేశం నాటికి బయట నిలబడ్డాడు. 1904లో ఆయన ఇంట్లో కొద్ది రోజులు బస చేసిన జేమ్స్ జాయిస్‌కు అక్కడి శాకాహారం పడలేదని చెప్పుకుంటారు. తరువాత అతగాడు పద్యంలో ఆయనను వెక్కిరించాడు కూడా!

కజిన్స్ 1903లో పెళ్లాడిన మార్గరెట్ సంగీతంలో పట్టభద్రురాలు. దివ్యజ్ఞాన సమాజంలో ఉన్న ఈ దంపతులు 1915లో అనీ బిసెంట్ పిలుపు మీద మద్రాసు వచ్చారు. ఆమె పత్రిక ‘న్యూ ఇండియా’లో కజిన్స్ పని. 1916లో డబ్లిన్‌లో తిరుగుబాటు జరిగి కొందరు కవులను ఇంగ్లీషువారు కాల్చి చంపారు. కజిన్స్ వారిని కీర్తిస్తూ రాశారు, ఉద్యోగం పోయింది. అలా మదనపల్లె కాలేజీకి చేరారు, ఆ తరువాత ప్రిన్సిపాల్ అయ్యారు. మార్గరెట్ మాత్రం ఊరుకుంటుందా? 1917 డిసెంబరులో స్త్రీలకు ఓటుహక్కు కోరుతూ మాంటేగు దొరను కలిసిన మహిళా బృందాన్ని కూడగట్టింది ఆమె. బృందానికి నాయకత్వం వహించింది మన సరోజినీ నాయుడు.

1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు విశ్రాంతికని మదనపల్లె వచ్చారు. ఓ సాయంత్రం విద్యార్థుల మధ్య ‘జన గణ మన’ పాడారు. పల్లవికి కుర్రవాళ్లు గొంతు కలిపారు. మార్గరెట్ స్వరాలు రాసిపెట్టింది. పాటకు ఇంగ్లీషు అనువాదాన్ని రవీంద్రుడు అక్కడే చేశారు. 1950 జనవరిలో అది జాతీయగీతమైంది.

తరువాత కజిన్స్ భారతీయ చిత్రకళ కోసం ఊరూరా తిరిగారు. 1935లో తిరువనంతపురంలో చిత్రాలయం ఏర్పడడానికి తోడ్పడ్డారు. 1936లో రుక్మిణీదేవి కళాక్షేత్రం స్థాపించినప్పుడు పక్కన నిలిచారు. 1954లో మార్గరెట్ పోయింది. 1956 ఫిబ్రవరి 20న ఆయన మదనపల్లెలోనే కన్నుమూశారు.

ఆయన పద్యాలు ఈనాడు చదివేవాళ్లు అరుదు. గొప్ప కవి కాకపోవచ్చు. కాని తన ఊళ్లో నేర్చిన పాఠాన్ని పరాయి ఊళ్లో పిల్లలకు నిజాయితీగా అప్పజెప్పిన వాడు. ఆ పాఠం ఏమిటంటే, అవ్వ చెప్పిన కథకు సిగ్గుపడే జాతికి సొంత రంగస్థలం ఉండదు. మనవైపు 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథను వేదిక ఎక్కించి నిరూపించింది కూడా ఇదే.

ఏటా మన వార్షికోత్సవానికి సినిమా పాటలకు నృత్యాలు సిద్ధం చేసుకుంటాం. తప్పు లేదు. ఒక్క అంశం మాత్రం మన ఊరి నుంచి తెచ్చుకుందాం. ఒగ్గు కథో, చిందు భాగవతమో, అమ్మమ్మ పాడే దంపుళ్ల పాటో! ఈసారి గోల్డెన్ త్రెషోల్డ్ ముందు నుంచి నడిచేటప్పుడు సరోజినితో పాటు, ఆమె తమ్ముడిని ముందుగా మెచ్చుకున్న ఆ ఐర్లండు మాస్టారిని కూడా ఒక్కసారి తలుచుకుందాం.