థామస్ మిడ్జ్‌లీ

థామస్ మిడ్జ్‌లీ జూనియర్ (మే 18, 1889 - నవంబర్ 2, 1944) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన మెకానికల్ ఇంజనీరు, రసాయన శాస్త్రవేత్త. పెట్రోలు ఇంజన్లలో నాకింగ్‌ను అరికట్టడానికి సీసపు సమ్మేళనాన్ని ప్రవేశపెట్టినవాడిగా ప్రసిద్ధుడు. అధిక సంపీడన నిష్పత్తి గల ఇంజన్లకు తగిన ఇంధనాన్ని అందించిన ఈ ఆవిష్కరణే తరువాత ప్రపంచవ్యాప్తంగా సీసపు కాలుష్యానికి కారణమైంది.

బాల్యం, విద్య

మిడ్జ్‌లీ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బీవర్ ఫాల్స్‌లో జన్మించాడు. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో పెరిగాడు. 1911లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుండి మెకానికల్ ఇంజనీరింగులో పట్టా పొందాడు. 1916లో డేటన్ నగరంలో చార్లెస్ కెటరింగ్ వద్ద పరిశోధకుడిగా చేరాడు.

నాకింగ్ సమస్య

కెటరింగ్ సంస్థ విద్యుత్తు లేని పల్లె ఇళ్ళ కోసం చిన్న జనరేటర్లను తయారు చేసేది. వాటి ఇంజన్లు కిరోసినుతో నడిచేటప్పుడు సుత్తితో కొట్టినట్లు చప్పుడు చేసేవి. కారణం కనుగొనే బాధ్యతను కెటరింగ్ మిడ్జ్‌లీకి అప్పగించాడు.

స్పార్కు వద్ద మొదలైన మంట సిలిండరు అంతటా వ్యాపించేలోగా, మిగిలిన ఇంధన మిశ్రమం వేడికి, ఒత్తిడికి తనంతట తానే ఒక్కసారిగా మండడమే నాకింగ్. సంపీడన నిష్పత్తి పెరిగితే ఇంజను సామర్థ్యం పెరుగుతుంది. అయితే నాకింగ్ కూడా పెరిగి పిస్టన్లు దెబ్బతింటాయి. దీనికి మూలం ఇంధన స్వభావంలోనే ఉందని మిడ్జ్‌లీ పరిశోధనలు తేల్చాయి.

సీసం ఎంపిక

ఎర్రరంగు ఇంధనం వేడిని త్వరగా గ్రహిస్తుందన్న ఊహతో 1916లో అయొడిన్ కలిపి చూడగా నాకింగ్ తగ్గింది. ఇతర ఎర్రరంగులు పనిచేయకపోవడంతో, కారణం రంగు కాదని తెలిసింది. అయొడిన్ ఖరీదైనది. అనిలిన్, సెలీనియం, టెల్లూరియం సమ్మేళనాలు పనిచేసినా వాటి దుర్వాసన భరించరానిది. చివరకు 1921 డిసెంబరు 9న టెట్రాఇథైల్ సీసం అతి స్వల్ప పరిమాణంలోనే నాకింగ్‌ను ఆపుతుందని తేలింది.

ఆల్కహాలు కూడా నాకింగ్‌ను తగ్గిస్తుందని మిడ్జ్‌లీకి తెలుసు. కానీ దానిని ఎక్కువ మోతాదులో కలపాలి. సీసపు సమ్మేళనం గాలనుకు కొద్ది మిల్లీలీటర్లు చాలు, పైగా దాని వాడకంపై పేటెంటు పొందవచ్చు. 1923 ఫిబ్రవరిలో డేటన్‌లో దీని అమ్మకం మొదలైంది. అప్పటికే మిడ్జ్‌లీ స్వయంగా సీసపు విషప్రభావానికి లోనై విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది.

1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే కర్మాగారంలో ఈ పదార్థం తయారుచేస్తున్న ఐదుగురు కార్మికులు మతి చలించి మరణించారు. ఆ నెలలోనే మిడ్జ్‌లీ విలేఖరుల ఎదుట దానిని చేతులపై పోసుకుని, వాసన పీల్చి, ప్రమాదం లేదని చూపడానికి ప్రయత్నించాడు. 1925లో నిలిపివేసిన అమ్మకాలు 1926లో తిరిగి ప్రారంభమయ్యాయి.

ఆక్టేన్ సంఖ్య

ఇంధనాలను పోల్చడానికి 1926లో గ్రాహం ఎడ్గర్ ఒక కొలమానాన్ని రూపొందించాడు. ఇందులో ఐసోఆక్టేన్ విలువ 100, నార్మల్ హెప్టేన్ విలువ 0. ఆక్టేన్ సంఖ్య 91 గల పెట్రోలు, 91 శాతం ఐసోఆక్టేన్, 9 శాతం హెప్టేన్ గల మిశ్రమం వలె నాకింగ్‌ను తట్టుకుంటుంది. ఇది ఇంధనంలోని శక్తికి కొలత కాదు. కనుక తక్కువ సంపీడన నిష్పత్తి గల ఇంజనుకు అధిక ఆక్టేన్ ఇంధనం వాడినందువలన ప్రత్యేక ప్రయోజనం ఉండదు. అధిక సంపీడన నిష్పత్తి గల ఇంజనుకు అది చిన్నదైనా సరే తప్పనిసరి.

చివరి రోజులు

మిడ్జ్‌లీ శీతలీకరణ యంత్రాల కోసం ఫ్రియాన్ వాయువును కూడా రూపొందించాడు. ఈ తరగతి వాయువులు ఓజోను పొరకు హాని చేస్తాయని 1970లలో వెల్లడైంది. 1940లో పోలియో సోకి నడవలేకపోయిన ఈయన, మంచం నుండి లేవడానికి తాడు, కప్పీలతో ఒక అమరిక చేసుకున్నాడు. 1944లో ఆ తాళ్ళకే చిక్కుకుని మరణించాడు.

అనంతర పరిణామాలు

సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుందని రుజువు కావడంతో దేశాలు దానిని క్రమంగా నిషేధించాయి. భారతదేశంలో 2000లో సీసపు పెట్రోలు అమ్మకాలు ఆగిపోయాయి. 2021లో అల్జీరియా నిలిపివేయడంతో ప్రపంచంలో కార్లకు సీసపు పెట్రోలు అమ్మకం ముగిసింది. మిడ్జ్‌లీ కాలంలో పక్కన పెట్టిన ఆల్కహాలు నేడు ఇథనాల్ రూపంలో అనేక దేశాల పెట్రోలులో కలుస్తున్నది.