పిచ్చుక పాటను లెక్కపెట్టిన మార్గరెట్

అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇంట్లో అట్టపెట్టెలు దిగుతాయి. కొత్త ఊరు, కొత్త బడి, కొత్త స్నేహితులు. పాత ఊళ్లో మొదలుపెట్టిన పనులు చాలావరకు సగంలోనే ఆగిపోతాయి. మనలాగే ఊళ్లు మారుతూ, వెళ్లిన ప్రతిచోటా పక్షులను గమనించిన ఒక అమెరికా శాస్త్రవేత్త గురించి తెలుసుకుందాం. ఆమె పేరు మార్గరెట్ మోర్స్ నైస్.

మార్గరెట్ 1883 డిసెంబరు 6న మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆమ్‌హెర్స్ట్‌లో పుట్టారు. తండ్రి కళాశాలలో చరిత్ర ఆచార్యుడు. చిన్నప్పటినుంచే ఆమె తాను చూసిన పక్షుల వివరాలు పుస్తకంలో రాసుకునేవారు. 1906లో మౌంట్ హోల్యోక్ కళాశాలలో పట్టా పుచ్చుకొని, ఆపైన క్లార్క్ విశ్వవిద్యాలయంలో బాబ్‌వైట్ అనే పక్షి ఏమేమి తింటుందో పరిశోధించారు. 1909లో లియొనార్డ్ నైస్‌తో పెళ్లయింది. డాక్టరేట్ చేయాలన్న కోరిక అక్కడే ఆగిపోయింది.

1913లో భర్తకు ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం రావడంతో కుటుంబం నార్మన్ పట్టణానికి చేరింది. కాలక్రమంలో అయిదుగురు ఆడపిల్లలకు తల్లి అయ్యారు. ఇంటిపనితో తీరిక లేకపోయినా ఆమెలోని పరిశోధకురాలు ఊరుకోలేదు. పిల్లలకు మాటలు ఎలా వస్తాయో గమనించి వ్యాసాలు రాశారు. 1919లో పావురం జాతికి చెందిన ఒక పక్షిని వేటాడే గడువును ముందుకు జరపాలన్న ప్రయత్నం జరిగింది. ఆగస్టుకల్లా వాటి పిల్లలు ఎగిరిపోతాయని అలా కోరినవారి వాదన. మార్గరెట్ గూళ్లను వెతికి చూశారు. సెప్టెంబరులోనూ, ఆ తర్వాత కూడా గూళ్లలో పిల్లలు ఉన్నాయని తేల్చారు. పక్షుల వైపు ఆమె మళ్లీ తిరిగింది అప్పుడే. 1924లో భర్తతో కలిసి ఓక్లహోమా పక్షులపై పుస్తకం ప్రచురించారు.

1927లో మళ్లీ మకాం మారింది. ఈసారి ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్. అక్కడికి వెళ్లిన కొద్దికాలానికే ఒక కూతురు న్యుమోనియాతో చనిపోయింది. అంత దుఃఖంలోనూ ఆమె ఇంటి దగ్గరి ఒలెంటాంజీ నది ఒడ్డుకు నడిచి వెళ్లేవారు. రెండు వంతెనల మధ్య పొదలు పెరిగిన ఆ నేలకు ఇంటర్‌పాంట్ అని పేరు పెట్టుకున్నారు. పాటకు పేరుపొందిన సాంగ్ స్పారో అనే పిచ్చుకలు అక్కడ ఎన్నో ఉండేవి.

పిచ్చుకలన్నీ మన కంటికి ఒకేలా కనిపిస్తాయి. అందుకని 1928 నుంచి ఆమె వాటిని మెల్లగా పట్టి, కాళ్లకు రంగురంగుల చిన్న కడియాలు తొడిగి వదిలేవారు. ఏ కాలికి ఏ రంగులు ఉన్నాయో చూస్తే ఏ పిచ్చుకో తెలిసిపోతుంది. దాంతో ఒక్కొక్క పిచ్చుక జీవితాన్ని ఏళ్ల తరబడి గమనించడం సాధ్యమైంది. ఆమె అభిమాన పిచ్చుకకు పెట్టుకున్న గుర్తు 4ఎం. 1935లో ఒకరోజు తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా అది ఎన్నిసార్లు పాడిందో లెక్కపెట్టారు. మొత్తం 2,305 సార్లు!

ఇంత శ్రమవల్ల ఏం తెలిసింది? మగ పిచ్చుక ముందు తన హద్దును చాటడానికి పాడుతుంది. జత దొరికేదాకా ఆ పాట జోరుగా సాగుతుంది. ఆడ పిచ్చుక వచ్చి చేరగానే పాట బాగా తగ్గిపోతుంది. కొన్నిసార్లు మగది ఒక్కసారిగా ఆడదానిమీదికి దూకి, తాకి, పాడుతూ ఎగిరిపోతుంది. చూసేవారికి అది దెబ్బలాటలా ఉంటుంది కానీ జతకట్టడంలో అదీ ఒక భాగమే. ప్రతి మగ పిచ్చుకకూ తనవైన కొన్ని పాటలుంటాయి. కొడుకు పిచ్చుకలు తండ్రి పాటలు పాడటం లేదనీ ఆమె గుర్తించారు.

ఆమెకు విశ్వవిద్యాలయంలో ఉద్యోగం లేదు, ప్రయోగశాల లేదు. కేవలం గృహిణి అని తేలిగ్గా చూసినవారూ ఉన్నారు. అయినా జర్మనీలోని ప్రసిద్ధ పక్షి శాస్త్రవేత్త స్ట్రెసెమాన్ ఆమె పరిశోధనను తన పత్రికలో ప్రచురించారు. 1938లో ఆమె ఆస్ట్రియా వెళ్లి, తర్వాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన కొన్రాడ్ లోరెంజ్ దగ్గర పక్షి పిల్లల ప్రవర్తనను గమనించారు.

అంతకు ముందే, 1936లో, భర్త ఉద్యోగంవల్ల షికాగోకు మారవలసి వచ్చింది. ఇంటర్‌పాంట్ దూరమైంది. నది లేదు, కడియాల పిచ్చుకలు లేవు. ఉన్నవల్లా ఎనిమిదేళ్ల పరిశీలనలు రాసుకున్న పుస్తకాలే. వాటిని ముందు పెట్టుకుని 1937లో మొదటి సంపుటం, 1943లో రెండో సంపుటం వెలువరించారు. సాంగ్ స్పారో జీవితాన్ని వివరించిన ఆ రెండు సంపుటాలూ పక్షుల ప్రవర్తనను చదివేవారికి దారి చూపాయి. 1942లో ఆమెకు బ్రూస్టర్ పతకం లభించింది. 1974లో, తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఊరు వదిలేటప్పుడు మనం చెట్టునూ పిట్టనూ పెట్టెలో సర్దుకుపోలేం. చూసినదాన్ని రోజూ తేదీ వేసి రాసుకుంటే ఆ పుస్తకం మాత్రం మనతో వస్తుంది. కొత్త క్వార్టర్‌కు చేరిన మర్నాడు ఉదయం కిటికీ తెరిచి, ముందుగా ఏ పిట్ట కూస్తుందో విందామా?