పావులూరి మల్లన: ఇరవై అంకెల పద్యం

సీ ల్యాబ్‌లో అన్‌సైన్డ్ లాంగ్ లాంగ్ అని రాస్తాం కదా, అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 18446744073709551615. దానికి ఇంకో ఒకటి కలిపితే సున్నా అయి కూర్చుంటుంది. ఈ సంఖ్యనే తొమ్మిది వందల ఏళ్లకు పైనే ఒకాయన తెలుగు పద్యంలో పెట్టేశాడు. ఆయన పావులూరి మల్లన.

కమ్మనాటిలోని పావులూరు ఆయన ఊరు. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడు (1022-1061) పిఠాపురం దగ్గరి నవఖండవాడను మల్లనకు ఇచ్చాడంటారు. అయితే ఊరు పుచ్చుకున్నది తాత మల్లన, పుస్తకం రాసింది అదే పేరున్న మనవడు అని వాదించే పండితులూ ఉన్నారు. తాతయినా మనవడైనా, చేసిన పని మాత్రం తెగువే. నన్నయ భారతంతో తెలుగు కావ్యానికి దారి పడుతున్న రోజులవి. మల్లన లెక్కల పుస్తకం పట్టుకున్నాడు.

ఆ పుస్తకం మహావీరాచార్యుడి గణితసార సంగ్రహం. 850 ప్రాంతంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో సంస్కృతంలో రాసింది. మన మొగుడంపల్లి నుంచి సరిహద్దు దాటి చించోళి, సేడం మీదుగా పోతే మల్ఖేడ్ వస్తుంది. రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం అదే. 27994681ని 441తో గుణిస్తే 12345654321 అనే దండ వస్తుందని చూపించిన పుస్తకం అది. మల్లన దాన్ని ఉన్నదున్నట్టు దించలేదు. జైనుల ఉదాహరణలు తీసి శివపూజ లెక్కలు పెట్టాడు. శైవుడు మరి.

ఇక మన పద్యం. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, తర్వాత రెండు, నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్లూ నింపితే మొత్తం ఎంత? 2ని వరసగా ఆరుసార్లు వర్గం చేసి (4, 16, 256, 65536...) చివర ఒకటి తీసేస్తే చాలు. జవాబును మల్లన చంపకమాలలో కూర్చాడు. శరం అంటే 5, ఎందుకంటే మన్మథుడి బాణాలు ఐదు. చంద్రుడు 1, ఆకాశం 0, ఏనుగు 8. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి చదవాలి, మన భాషలో లిటిల్ ఎండియన్!

నాకు ఇందులో నచ్చింది ఇంకోటుంది. తాటాకు మీద అంకె తప్పు రాస్తే ఎవరికీ తెలీదు. పద్యంలో మాట తప్పితే గణమో, యతో, ప్రాసో చెడి దొరికిపోతుంది. దాదాపు చెక్‌సమ్ అన్నమాట. ఇరవై అంకెల్లో ఒక్కటీ తప్పలేదు, కావాలంటే కోడ్ రాసి చూసుకోండి.

ఈ సంఖ్యను విడగొడితే 3, 5, 17, 257, 641, 65537, 6700417 వస్తాయి. వీటిలో ఆ 641ని పట్టుకున్నవాడు ఆయిలర్, 1732లో. అప్పటికి మల్లన పద్యం ఆరు వందల ఏళ్లు దాటిన పాతది.