నేతగాడిని పాటలో నిలబెట్టిన ఆత్రేయ గారు

మన సంచికల్లో భావనారుషి గురించి, మార్కండేయ మహర్షి గురించి, దేవల మహర్షి గురించి పెద్దలు చాలా రాశారు. ఈసారి మేము ఒక సినిమా పాటల కవి గురించి రాస్తున్నాం. ఆయన మన కులస్తుడు కాదు, మగ్గం మీద కూర్చున్నవాడూ కాదు. అయినా తెలుగువాళ్ళు ఉన్న ప్రతి ఊళ్ళో వినిపించిన ఒక పాటలో నేతగాడిని తీసుకొచ్చి నిలబెట్టిన మనిషి. ఆయనే ఆచార్య ఆత్రేయ.

సినిమా పాట సాహిత్యం ఏమిటి అని అడిగేవాళ్ళు ఉన్నారు. వారికి మా జవాబు ఒక్కటే. కంచి, ఆరణి, సేలం, షోలాపూర్, భివండి, బరంపురం, బెంగళూరు, ఇలా ఎక్కడెక్కడో స్థిరపడిన మన కుటుంబాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతాం గానీ, పిల్లలు బడిలో చదివేది అరవమో, మరాఠీయో, ఒరియానో, కన్నడమో. తెలుగు అక్షరాలు రాని ఇళ్ళు చాలా ఉన్నాయి. అలాంటి ఇంటికి పద్యం రాలేదు, నవల రాలేదు. పాట మాత్రం వచ్చింది. మగ్గం ఆడుతుంటే చేతులూ కాళ్ళూ కళ్ళూ ఖాళీ ఉండవు, చెవులొక్కటే ఖాళీ. ఆ చెవిలో నుంచి వచ్చిన తెలుగే మనకు మిగిలిన సాహిత్యం.

ఆత్రేయ గారి అసలు పేరు కిళాంబి వెంకట నరసింహాచార్యులు. 1921 మే 7న అప్పటి నెల్లూరు జిల్లా సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడు అనే పల్లెటూళ్ళో పుట్టారు. వైష్ణవ కుటుంబం. గోత్రం పేరునే కలం పేరుగా పెట్టుకున్నారు. సూళ్ళూరుపేట దాటితే అరవదేశం. సన్నని నూలు చీరలకు, జాందానీ పనికి పేరుపడ్డ వెంకటగిరి కూడా ఆ జిల్లాలోదే. ఆ రోజుల్లో నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. అంటే మనలో తమిళనాడులో ఉన్నవాళ్ళకి ఆయన దూరపు మనిషేమీ కాదు. తర్వాత బతుకంతా గడిపిందీ, పోయిందీ మద్రాసులోనే.

సినిమాల్లోకి వెళ్ళకముందు ఆయన నాటకాల మనిషి. బతకడానికి చిన్న చిన్న ఉద్యోగాలు చేస్తూ నాటకాలు రాశారు. వాటిలో బాగా పేరొచ్చింది ఎన్.జి.ఓ. అనే నాటకం. ఎన్.జి.ఓ. అంటే అప్పట్లో గెజిటెడ్ హోదా లేని చిన్న సర్కారు ఉద్యోగి. తెల్ల చొక్కా వేసుకుని ఆఫీసుకు పోతాడు, వచ్చే జీతం నెలాఖరుదాకా రాదు. రాజుల కథలు, పురాణాలు ఆడే రోజుల్లో ఒక గుమాస్తా ఇంటి అప్పుల్ని స్టేజీ మీదికి తెచ్చారు. ఊరూరా నాటక సమాజాలు దాన్ని ఆడాయి. కప్పలు, భయం, విశ్వశాంతి వంటి నాటకాలు కూడా ఆయనవే. వారం కూలి చేతికి రాకముందే అంగడి బాకీ లెక్క చూసుకునే మనవాళ్ళకి ఆ గుమాస్తా బాధ వేరే చెప్పక్కర్లేదు.

ఈ నాటకాల అలవాటు ఆయన పాటల్లోకి వచ్చింది. ఇది గమనించాల్సిన విషయం. ఆత్రేయ గారి పాట వింటే కవి మాట్లాడుతున్నట్టు ఉండదు. ఆ కథలో మనిషి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. పడవవాడైతే పడవవాడి మాట, తాగుబోతైతే తాగుబోతు మాట, తల్లయితే తల్లి మాట. నిఘంటువు చూడాల్సిన మాట దాదాపు కనపడదు. ఎనిమిదో తరగతి చదివిన మాకు ఆయన పాటలో అర్థం కాక ఆగిన చోటు లేదు. అర్థమైపోయింది కదా అని వదిలేస్తే, రెండు రోజుల తర్వాత అదే మాటకి ఇంకో అర్థం తోస్తుంది. అది మాత్రం చదువుకున్నవాళ్ళకైనా, మనలాంటివాళ్ళకైనా ఒకటే.

1951లో వచ్చిన దీక్ష సినిమాతో ఆయన పాటల రచయిత అయ్యారు. 1955లో అర్ధాంగి సినిమాకు మాటలు రాసి మాటల రచయితగానూ నిలబడ్డారు. తర్వాత 1957. ఆ సంవత్సరం అన్నపూర్ణా వారి తోడికోడళ్ళు సినిమా వచ్చింది. ఆదుర్తి సుబ్బారావు గారి దర్శకత్వం, మాస్టర్ వేణు గారి సంగీతం. అందులో కారు షికారు పాట అని అందరూ చెప్పుకునే పాట ఉంది. ఘంటసాల గారు పాడారు, తెర మీద అక్కినేని నాగేశ్వరరావు గారు. మనం దగ్గరగా చూడాల్సిన పాట ఇదే.

పాటలో ఒక కుర్రవాడు కలిగినింటి పిల్లని ప్రశ్నలు అడుగుతాడు. నువ్వు ఉండే మేడకి రాయి ఎక్కడిది, దాన్ని తవ్వి తీసినవాళ్ళు ఎవరు అని ఒక ప్రశ్న. తర్వాత ఆ అమ్మాయి కట్టుకున్న చీర దగ్గరికి వస్తాడు. గాలికి ఎగిరేంత పల్చని చీర, మెరిసే చీర. అది ఎలా తయారైందో నీకు తెలుసా అని అడుగుతాడు. జవాబు కూడా అతనే చెబుతాడు. చినిగిన బట్టలు కట్టుకుని, బరువుగా బతుకు ఈడ్చేవాళ్ళు నేసిన చీర అది అంటాడు. ఒకరి రెక్కల మీద ఇంకొకరు దర్జాగా బతికే రోజులు ఇంక నడవవని హెచ్చరించి వదులుతాడు.

ఇందులో మేము రెండు సంగతులు చూస్తాం. మొదటిది, ఆత్రేయ గారు ముందు మన పనితనాన్ని చూశారు. ఆ చీరని శిల్పం అన్నారు. నేతని శిల్పి పనితో సమానం చేశాకే నేతగాడి ఒంటి మీద గుడ్డ వైపు చూశారు. మన మీద జాలిపడేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. పండగలకి, సభలకి వచ్చి జాలిగా మాట్లాడి పోతారు. ముందు పని గొప్పదని ఒప్పుకుని, ఇంత గొప్ప పని చేసినవాడికి ఇంత తక్కువ ఎందుకు దక్కింది అని అడిగినవాళ్ళు తక్కువ. జాలితో అడిగితే దానం ఇస్తారు. పనితనం చూపించి అడిగితే ధర ఇవ్వాలి. ఈ తేడా సొసైటీ లెక్కలు చూసేవాళ్ళకి బాగా తెలుసు.

రెండోది, ఆ పాట వచ్చిన కాలం. 1950ల మొదట్లో చేనేత చాలా ఇబ్బందిలో ఉంది. మిల్లు గుడ్డ చౌకగా వచ్చి పడింది, మన సరుకు నిలవ ఉండిపోయింది. 1952లో అఖిల భారత చేనేత బోర్డు పెట్టారు. మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న రాజాజీ గారు చీరలు, ధోవతులు నేసే హక్కు చేనేతకే ఉంచాలని వాదించారు. 1953లో మిల్లు గుడ్డ మీద అదనపు సుంకం వేసి ఆ డబ్బు ఖద్దరుకు, చేనేతకు వాడాలని చట్టం వచ్చింది. ఇవన్నీ కాగితాల మీద నడిచిన సంగతులు. మామూలు జనానికి వాటి గురించి తెలిసింది తక్కువ. అదే సమయంలో మూడు నిమిషాల పాట ఒకటి, చీర కట్టుకునే ప్రతి ఆడమనిషికీ ఇది ఎవరు నేశారు అనే ప్రశ్న వినిపించింది. ఆ ప్రశ్న ఏ చట్టంలోనూ లేదు.

ఈ పాటకి ఒక విచిత్రం జరిగింది. కష్టజీవుల గురించి ఇంత గట్టిగా ఉంది కాబట్టి ఇది శ్రీశ్రీ గారి పాట అని చాలామంది అనుకున్నారు. ఇప్పటికీ అలా అనుకునేవాళ్ళు ఉన్నారు. శ్రీశ్రీ గారు మహాకవి, ఆయనకి ఇంకో పాట అరువు అక్కర్లేదు. కానీ చేసినవాడి పేరు అడగండి అని చెప్పిన పాటకే చేసినవాడి పేరు తప్పుగా పడింది చూడండి! మనకి ఇది కొత్తేమీ కాదు. ఒక ఊళ్ళో నేసిన చీర ఇంకో ఊరి పేరు మీద అమ్ముడుపోతుంది. మిల్లులో దిగిన గుడ్డ చేనేత అని బోర్డు పెట్టుకుంటుంది. డబ్బా మీద దుకాణం పేరు పెద్దగా ఉంటుంది, నేసిన చెయ్యి పేరు ఉండదు. అందుకే పిల్లలకి ఈ పాట చెప్పేటప్పుడు ఆత్రేయ గారి పేరు కలిపి చెప్పాలని మేము కోరుతున్నాం. ఆయన మన పని చెప్పారు, ఆయన పని ఆయనది అని చెప్పడం మన వంతు.

ఆ తర్వాత ఆయనకి మనసు కవి అనే పేరు స్థిరపడింది. మంచి మనసులు, మూగ మనసులు, డాక్టర్ చక్రవర్తి, అంతస్తులు, ప్రేమనగర్ ఇలా వరసగా పాటలు. మనసు అనే ఒక్క మాటని ఆయన తిప్పినన్ని రకాలుగా ఇంకెవరూ తిప్పలేదు. పడుగు ఒకటే, పేక మార్చి మార్చి వేస్తే ఎన్ని డిజైన్లు వస్తాయో అలా. మూగ మనసులు 1964లో వచ్చింది. గోదావరి పడవవాడికీ, జమీందారింటి అమ్మాయికీ మధ్య పైకి చెప్పుకోలేని అభిమానం కథ. అందులో పడవవాడి పాటల్లో ఆయన ఎక్కడా పెద్ద మాట వాడలేదు. చెప్పలేనివాడి బాధని చెప్పినట్టు కాకుండా, చెప్పలేకపోయినట్టే రాశారు.

ఈ సినిమాకు స్వరం కట్టిన కె.వి. మహదేవన్ గారు తెలుగువారు కాదు. ముందు పాట రాయించుకుని, ఆ మాటల నడకని బట్టి వరస కట్టడం ఆయన పద్ధతి. భాష వేరైనవాడు మాటకి అంత విలువ ఇచ్చాడంటే, ఆ మాటలో బలం ఉండబట్టే కదా.

పాట ఇవ్వడంలో ఆత్రేయ గారు బాగా ఆలస్యం చేసేవారని పేరు. రాయకుండా నిర్మాతలని ఏడిపిస్తారు, రాసి ప్రేక్షకులని ఏడిపిస్తారు అని సినిమావాళ్ళు సరదాగా చెప్పుకునేవారు. చూడ్డానికి అంత తేలికగా ఉండే మాట వెనక ఎన్ని కొట్టివేతలు ఉన్నాయో కాగితానికే తెలియాలి. నున్నగా ఉన్న గుడ్డ మీద ఎన్ని పోగులు తెగి అతికారో కట్టుకున్నవాళ్ళకి కనపడుతుందా? ఆలస్యం మంచిదని మేము అనం, నిర్మాత డబ్బు వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. కానీ తొందరపెట్టి దింపిన బట్ట ఎలా ఉంటుందో మనకి తెలుసు.

1961లో శరత్ బాబు నవల ఆధారంగా వాగ్దానం సినిమాకి ఆయనే దర్శకత్వం కూడా చేశారు. దర్శకుడిగా అక్కడితో ఆగి, మాటలూ పాటలతోనే సాగిపోయారు.

రాష్ట్రం బయట ఉన్న మనకి ముఖ్యంగా చెప్పుకోదగ్గది 1978లో వచ్చిన మరోచరిత్ర. కె. బాలచందర్ గారి సినిమా, ఎం.ఎస్. విశ్వనాథన్ గారి సంగీతం, పాటలు ఆత్రేయ గారివి. అరవ అబ్బాయి, తెలుగు అమ్మాయి, విశాఖపట్నంలో పక్క పక్క ఇళ్ళు. ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు. ఒక పాటలో అమ్మాయి తెలుగులో పాడుతుంటే అబ్బాయి మధ్యలో అరవంలో అందుకుంటాడు. మన ఇళ్ళల్లో రోజూ జరిగేది అదే. అవ్వ తెలుగులో అడుగుతుంది, మనవడు అరవంలో జవాబు చెబుతాడు. దాన్ని తప్పు అనకుండా ముద్దుగా పాట చేశారు. ఆ సినిమా అరవంలోకి మార్చకుండానే, తెలుగులోనే మద్రాసులో ఏడాదికి పైగా ఆడింది. భాష రానివాళ్ళు కూడా చూశారు.

1981లో ఆకలిరాజ్యం. చదువుకుని ఢిల్లీ వెళ్ళి ఉద్యోగం దొరక్క పస్తులున్న కుర్రాళ్ళ కథ. తిండి లేనప్పుడు పాటైనా పాడుకుందాం అని నవ్వుతూ మొదలయ్యే పాట ఒకటి అందులో ఉంది. నవ్వుతూనే దేశాన్ని నిలదీస్తుంది. మగ్గం వద్దు, చదువుకో అని మనం పంపించిన పిల్లలు డిగ్రీ కాగితం పట్టుకుని తిరుగుతుంటే ఆ పాట ఇప్పటిదే అనిపిస్తుంది. అదే ఏడాది తొలికోడి కూసింది సినిమాలో పాటకి ఆయనకు నంది అవార్డు వచ్చింది. లోకం పైకి కనపడినంత అందంగా లేదని ఒక చెల్లికి జాగ్రత్త చెప్పే పాట అది.

1989 సెప్టెంబరు 13న మద్రాసులో ఆత్రేయ గారు కన్నుమూశారు. అరవై ఎనిమిదేళ్ళు. ఆయన పోయాక నటులు కొంగర జగ్గయ్య గారు పూనుకుని, ఆయన నాటకాలూ పాటలూ సేకరించి ఆత్రేయ సాహితి పేరుతో సంపుటాలుగా అచ్చువేయించారు. సినిమా పాటని సాహిత్యం అని పేరు పెట్టి పుస్తకంగా దాచిన ఆ మంచి పని వల్లే, ఏ పాట ఎవరిదో ఈ రోజు వెతుక్కోగలుగుతున్నాం.

ఇప్పుడు మనం చెయ్యగలిగింది ఒకటి ఉంది. ఈ సంచిక ఫోన్లలో చదివేవాళ్ళలో సగం మంది పిల్లల చేత చదివించుకోలేరు, ఎందుకంటే పిల్లలకి ఈ అక్షరాలు రావు. కానీ పాట అదే ఫోన్లో వినపడుతుంది. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం నాడు ప్రతి సంఘంలో దండలు, ఉపన్యాసాలు అయ్యాక ఆ కారు షికారు పాట ఒక్కసారి వినిపించండి. చీర గురించిన చరణం దగ్గర ఆపి పిల్లలకి అర్థం చెప్పండి. తర్వాత ఒక పెద్ద కాగితం మీద ఆ చరణం తెలుగులో రాసి, వాళ్ళ చేత కూడబలుక్కుని చదివించండి. అర్థం తెలిసిన మాటని చదవడం తొందరగా వస్తుంది. అక్షరం నేర్చుకోవడానికి తమ తాతల పని గురించి రాసిన మాటలకన్నా మంచి పాఠం ఏముంటుంది?

అప్పుడు ఎవరు రాశారు అని అడిగితే ఆత్రేయ అని చెప్పాలి. ఎవరు నేశారు అని అడిగితే మేమే అని చెప్పాలి.